గోడ మీది బొమ్మ ఎవరి కోసం

చిత్రకారులు, నాటకాలవాళ్ళు, కవులు ఎక్కడ కలిసి కూర్చున్నా ఈ మధ్య మూడు విషయాలు తప్పకుండా చర్చకు వస్తున్నాయి. ఉనికి, ప్రకృతి, సంరక్షణ. ఈ భూమి మీద మనిషి ఎలా ఉండాలి, అడవీ నదీ ఏమైపోతున్నాయి, ఒకరి బాగోగులు ఒకరు ఎలా చూసుకోవాలి, వీటిలో కళ చేయగల పని ఏదైనా ఉందా? అడగవలసిన ప్రశ్నలే. కానీ మూడూ ఒకేసారి ముందుకు రావడంతో ఒకరు తత్త్వం మాట్లాడతారు, ఒకరు తుఫాను గురించి మాట్లాడతారు, మరొకరు ఆసుపత్రుల గురించి. సభ ముగుస్తుంది. మూడింటినీ కలిపే ముడి ఎక్కడుందో ఎవరికీ దొరకదు.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు పెరిగిన తెలుగువాళ్ళు ఆ ముడిని వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. గజపతి, రాయగడ జిల్లాల కొండల్లో, సవర ఆదివాసుల ఇళ్ళ లోపలి గోడల మీద అది తరతరాలుగా ఉంది. సంతలో, ఆసుపత్రి వరండాలో, బస్సులో వాళ్ళతో భుజాలు రాసుకుంటూ తిరిగిన మనం ఆ గోడల మీది బొమ్మను చాలాకాలం అలంకారంగానే చూశాం. తెల్లని గీతల మనుషులు, ముచ్చటైన చెట్లు, అంతే. ఇప్పుడు అవే గీతలు చీరల అంచుల మీదికీ, హోటళ్ళ గోడల మీదికీ వచ్చాయి. కళాకారులు కలిసి ఆలోచించడం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే మాత్రం ఆ బొమ్మ అసలు ఎలా పుడుతుందో ముందుగా చూడాలి.

ఇడితాల్ అని పిలిచే ఈ బొమ్మను ఊరికే వేయరు. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది. పంట సరిగా పండదు. పోయినవాళ్ళు కలలోకి వచ్చి ఏదో అడుగుతారు. అప్పుడు కుడాన్‌ను, అంటే పోయినవాళ్ళతో మాట్లాడే పూజారిని పిలుస్తారు. ఉత్తరాంధ్ర మన్యంలో ఎజ్జోడు చేసే పనికి దగ్గరి పని కుడాన్‌ది. సవరల్లో ఈ పని ఆడవాళ్ళూ చేస్తారు. చావు కర్మల్లో పోయినవాళ్ళ గొంతుగా మాట్లాడే బాధ్యత ఎక్కువగా వాళ్ళదే. ఇంటికి వచ్చిన కష్టం వెనుక ఏ సొనుమ్ ఉందో, అంటే చనిపోయిన ఏ మనిషి లేదా ఏ శక్తి ఉందో కుడాన్ కనుక్కుంటాడు. దానికి ఇంట్లో ఒక చోటు కల్పించాలని తేలితే గోడను ఎర్రమట్టితో అలుకుతారు. బియ్యప్పిండిని నీళ్ళలో కలిపి, వెదురు పుల్ల కొసను నలిపి కుంచెగా చేసుకుని, తెల్లటి గీతలతో బొమ్మ మొదలుపెడతారు.

ముందుగా గీసే చట్రం సొనుమ్ ఉండబోయే ఇల్లు. దాని లోపలా చుట్టూ మనుషులు, ఏనుగులు, గుర్రాలు, కోతులు, సూర్యచంద్రులు, చెట్లు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1940లలో ఈ కొండల్లో తిరిగి, సవరల మతం గురించి 1955లో పెద్ద గ్రంథం ప్రచురించారు. ఆయన చూసిన గోడల మీద విమానాలూ తుపాకులూ కూడా ఉన్నాయి, గుర్రమెక్కిన అధికారులూ ఉన్నారు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు నడిచింది, 1931లో గుణుపురం దాకా పొడిగించారు. తరవాతి బొమ్మల్లోకి రైలు కూడా ఎక్కింది. ఆదివాసీ కళ అంటే కాలం తగలకుండా నిలిచిపోయినదని అనుకునేవాళ్ళు ఒక్కసారి ఈ గోడలు చూడాలి. సొనుమ్‌లకు కూడా కొత్త వాహనాలు కావాలి. అడవి కాపలాదార్లు, పోలీసులు బతికున్నవాళ్ళను ఎలా పీడించారో గోడ మీద సొనుమ్‌ల కొలువులోనూ అలాగే కనిపిస్తారు.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది బొమ్మ పూర్తయ్యాక జరిగేది. బొమ్మ ముందు అన్నం, సారా పెడతారు. కుడాన్ సొనుమ్‌ను పిలిచి, ఈ ఇల్లు నచ్చిందా అని అడుగుతాడు. నచ్చకపోతే సొనుమ్ కుడాన్ నోట చెబుతుంది: ఇక్కడ గుర్రం లేదు, అక్కడ నా మనుషులు లేరు. వెంటనే ఆ బొమ్మలు చేరుస్తారు. కొన్నాళ్ళకు జబ్బు తిరగబెడితే, లేదా ఇంకో కల వస్తే, మళ్ళీ గోడ ముందుకు వస్తారు. గీసినవాడికి తన పని పూర్తయిందని ప్రకటించే హక్కు లేదు. ఎవరి కోసం గీశాడో వాళ్ళు చెప్పాలి.

ఇప్పుడు మన మూడు విషయాలనూ ఒక్కొక్కటిగా విప్పవచ్చు.

ఉనికి సంగతి ముందు. 1970ల మధ్య నుంచి సవరల మధ్య ఉండి పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ వివరించిన ప్రకారం, సవరల లెక్కలో చనిపోయిన మనిషి వెంటనే ఎటో వెళ్ళిపోడు. కుడాన్‌బోయ్, అంటే ఆడ కుడాన్, నోటి ద్వారా ఇంటివాళ్ళతో సంవత్సరాల తరబడి మాట్లాడుతూనే ఉంటాడు. తన పేరు మీద రాయి నిలబెట్టాలి, దున్నను కోయాలి, తరవాతి సంవత్సరాల్లో కర్మలు జరగాలి. ఈ మాటల్లో ఏడుపు, దెప్పిపొడుపు, పాత అప్పుల లెక్క, క్షమాపణ అన్నీ ఉంటాయి. ఒక విషయం మాత్రం మనసును కలవరపెడుతుంది. పోయినవాళ్ళు తమకు ప్రియమైనవాళ్ళ దగ్గరికి ప్రేమతోనే వస్తారట. ఆ దగ్గరితనమే జబ్బవుతుంది, తాము ఏ బాధతో పోయారో అదే బాధ బతికున్నవాళ్ళకు అంటుకుంటుంది. కాబట్టి వాళ్ళను తరిమేయకూడదు, ఇంట్లో అలాగే ఉంచేసుకోనూ కూడదు. ఎక్కడో ఒక చోటు చూపించి, తిండి పెట్టి, మెల్లగా పూర్వీకుల్లో కలిసేలా చేయాలి. ప్రేమ గాయపరుస్తుందని ఒప్పుకుని, దానికి దినదినం చేయవలసిన పని ఏమిటో కూడా చెప్పిన ఆలోచన ఇది. సంరక్షణ అనగానే మన సభల్లో వినిపించే మెత్తటి మాటల కంటే ఇది చాలా లోతైనదని నేను నమ్ముతాను.

ప్రకృతి ఇందులోకి ఎక్కడి నుంచి వచ్చింది? సొనుమ్‌లు ఆకాశంలో ఎక్కడో ఉండవు, చోట్లలో ఉంటాయి. చిరుతపులి నోట పడి పోయినవాడు చిరుత సొనుమ్‌లో చేరతాడు, ప్రమాదంలోనో హింసతోనో పోయినవాడు సూర్యుడి దగ్గరికి. ఫలానా రాయి దగ్గర, ఫలానా ఊట దగ్గర, ఫలానా వంశం వాళ్ళ భూమిలో ఫలానావాళ్ళు ఉంటారు. చివరికి పూర్వీకులుగా మారినవాళ్ళ ప్రాణశక్తి పైరులోకి, గింజలోకి చేరుతుంది, పుట్టిన బిడ్డ వాళ్ళ పేరు తీసుకుంటుంది. పొలం దున్నడం, అమ్మమ్మను తలచుకోవడం, అన్నం తినడం వేర్వేరు పనులుగా ఉండవు. దీన్ని ఊహల మతంగా కొట్టిపారేసేవాళ్ళు సవరల్లో ఒక శాఖ అయిన లాంజియా సవరలు కట్టిన మెట్ల పొలాలు చూసి రావాలి. నిట్టనిలువు వాలు మీద రాతి గోడలు పేర్చి, వాగు నీటిని పై మడి నుంచి కింది మడికి, మట్టి కొట్టుకుపోకుండా దింపుతారు. ఏ వానకో రాయి జారుతుంది, మళ్ళీ పేరుస్తారు. ఇంటి లోపలి గోడనూ పొలం గోడనూ ఒకే మనుషులు, ఒకే ఓర్పుతో చూసుకుంటూ వచ్చారు.

మూడోది సంరక్షణ. దీని గురించి రాజనీతి శాస్త్రవేత్త జోన్ ట్రాంటో, బెరెనిస్ ఫిషర్‌తో కలిసి 1990లో చేసిన విశ్లేషణ ఇప్పటికీ కళాకారుల చర్చల్లో నలుగుతోంది. మనం బతుకుతున్న లోకాన్ని నిలబెట్టడానికీ, కొనసాగించడానికీ, బాగుచేయడానికీ చేసే పనులన్నీ సంరక్షణేనని వాళ్ళు అంటారు. అందులో నాలుగు దశలు చూపిస్తారు. ఒక అవసరం ఉందని గమనించడం, దాని బాధ్యత తలకెత్తుకోవడం, చేతులతో ఆ పని చేయడం, చివరగా ఆ పని అందుకున్నవాళ్ళకు నిజంగా మేలు జరిగిందా అని చూడడం. పర్యావరణం గురించి వేసే చిత్రాల్లో చాలా భాగం మొదటి దశలోనే ఆగిపోతాయి. ఎండిన చెరువు బొమ్మ, నల్లబడిన సముద్రం బొమ్మ, చూసినవాళ్ళ గుండె బరువెక్కడం. గమనించడం చిన్న పనేమీ కాదు. అయితే నాలుగో దశ, అందుకున్నవాళ్ళు జవాబు చెప్పే దశ, చాలా కళకు పూర్తిగా కొత్త. ఇడితాల్‌లో అది పద్ధతిలోనే ఉంది.

ఈ నాలుగు దశలు చేతిలో పెట్టుకుని బయటి ప్రపంచంలో పేరుపొందిన ప్రయత్నాలను చూస్తే ఎవరు ఎంత దూరం వచ్చారో తెలుస్తుంది. జర్మన్ కళాకారుడు జోసెఫ్ బాయిస్ 1982లో కాసెల్ నగరంలో ఏడు వేల ఓక్ చెట్లు నాటే పని మొదలుపెట్టాడు. మ్యూజియం ముందు ఏడు వేల నల్లరాతి స్తంభాల గుట్ట పోయించాడు. ఒక్కో చెట్టు నాటినప్పుడల్లా పక్కన ఒక రాయి పాతాలి. ఊరివాళ్ళకు ఆ గుట్ట కంటికి అడ్డంగా ఉండేది, తగ్గాలంటే చెట్లు నాటడం ఒక్కటే దారి. బాయిస్ 1986లో చనిపోయాడు, చివరి చెట్టును 1987లో ఆయన కొడుకు నాటాడు. అందులో నాకు నచ్చేది ఆ తరవాతి కథ. చెట్లకు నీళ్ళు, కొమ్మల కోత, ఎండిపోయినదాని స్థానంలో ఇంకొకటి, ఇదంతా ఊరి పనిగా మారింది.

న్యూయార్క్‌లో మియర్లే లాడెర్‌మన్ యూకలెస్ బిడ్డ పుట్టాక 1969లో ఒక ప్రకటన రాసింది. ఇల్లు ఊడ్చడం, బట్టలు ఉతకడం, రోజూ చేసే మరమ్మతు పనులే తన కళ అంది. తరవాత నగర పారిశుధ్య విభాగంలో చేరి, 1979, 80 సంవత్సరాల్లో 8,500 మంది పారిశుధ్య కార్మికులకు ఒక్కొక్కరికీ చేయి కలిపి, నగరాన్ని బతికిస్తున్నందుకు కృతజ్ఞతలు చెప్పింది. చెత్త ఎత్తే మనిషి చేతిని తాకడానికి వెనుకాడే మన ఊళ్ళలో ఈ పని బరువు ఇంకా ఎక్కువ.

మనకు దగ్గరి ఉదాహరణ కోరాపుట్ దాటి పడమరగా ఉన్న బస్తర్‌లో ఉంది. ముంబయి కళాకారిణి నవజోత్ అల్తాఫ్ 1997 నుంచి కొండగావ్‌లో అక్కడి ఆదివాసీ శిల్పులతో కలిసి పనిచేస్తూ వచ్చారు. వాళ్ళు చేసిన పనుల్లో చేతిపంపుల చుట్టూ కట్టిన గద్దెలు ఉన్నాయి. నీళ్ళు మోసే ఆడవాళ్ళతో మాట్లాడి, బిందెను నేల మీద నుంచి ఒక్క ఊపున నెత్తికెత్తుకోనక్కర్లేకుండా మధ్యలో ఆనించుకునే చోటు కట్టారు. వృథా నీరు మురుగై నిలవకుండా పోయే దారి పెట్టారు. శిల్పం పంపు చుట్టూ ఉంది, కొలత మాత్రం బిందె మోసేవాళ్ళ నడుముది. బిందె ఎత్తేటప్పుడు నొప్పి తగ్గిందో లేదో చెప్పగలిగేది ఆ మనిషే కనుక, ఇక్కడ నాలుగో దశకు తలుపు తెరిచే ఉంది.

కలిసి పనిచేయడం మీద మరీ మక్కువ పెంచుకోవడం కూడా మంచిది కాదు. ఇండోనేషియా కళాకారుల బృందం రువాంగ్రూపా 2022లో అదే కాసెల్ నగరంలో జరిగిన ప్రదర్శనను నడిపింది. ఊరి ఉమ్మడి ధాన్యపు కొట్టును ఆదర్శంగా పెట్టుకుని, డబ్బు, చోటు, నిర్ణయాలు అన్నీ పంచుకున్నారు. గొప్ప ఆలోచన. కానీ ప్రదర్శనలో వేలాడదీసిన ఒక పెద్ద బ్యానర్‌లో యూదులను కించపరిచే బొమ్మలు ఉన్నాయని తేలినప్పుడు, దాన్ని దించేశారు గాని, దీనికి జవాబుదారీ ఎవరన్న వివాదం చాలాకాలం సాగింది. పదిమంది కలిసి చేసిన పనికి పదిమందీ జవాబు చెప్పాలి. ఎవరూ చెప్పకుండా తప్పించుకునే వీలు కూడా సమష్టి పేరుతోనే వస్తుంది.

మళ్ళీ మన కొండల దగ్గరికి వస్తే, ఇడితాల్ పద్ధతి చెక్కుచెదరకుండా సాగుతోందని అనుకోనక్కర్లేదు. గజపతి జిల్లా సెరంగోలో కెనడా బాప్టిస్టు మిషనరీలు ఆసుపత్రి పెట్టారు, బడులు పెట్టారు. 1970ల తరవాతి తరాల్లో సవర యువత పెద్ద సంఖ్యలో క్రైస్తవం తీసుకుంది. చదువు, వైద్యం, వడ్డీ వ్యాపారుల ముందు తలెత్తుకునే ధైర్యం దానితో వచ్చాయి. వాళ్ళను తప్పుపట్టే అర్హత మైదానంలో ఉన్న మనకు లేదు. అయితే ఆ ఇళ్ళలో పోయినవాళ్ళతో మాటలు ఆగాయి, గోడ ఖాళీ అయింది. మరోవైపు ప్రభుత్వ పథకాల కింద వచ్చిన సిమెంటు గోడలకు ఎర్రమట్టి అలుకుడు సరిగా పట్టదు. ఇంకోవైపు బజారు. లాంజియా సవర చిత్రకళకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అదే సమయంలో నియమగిరి కొండల ఆదివాసులైన డోంగ్రియా కొంధుల కపడాగండా శాలువకూ వచ్చింది. నకిలీల నుంచి కొంత రక్షణ, పేరుకు కొంత విలువ, ఇవి అవసరమే. కాన్వాసు మీద బొమ్మ వేసి పిల్లల ఫీజు కట్టుకునే చిత్రకారుణ్ణి చూసి, పవిత్రత పోయిందని బాధపడేవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది.

కానీ ఒక మార్పు మాత్రం జరిగింది, దాన్ని దాచకూడదు. కాన్వాసు కొన్నవాళ్ళు బొమ్మ బాగుందనో లేదనో అనగలరు. తిరిగి వచ్చి, నా మనుషులు ఇందులో లేరు అని అడిగేవాళ్ళు లేరు. బొమ్మ ఒక జబ్బుతో, ఒక ఇంటితో, ఒక ఊటతో తెగిపోయింది. ఆ తెగిన చోట కొత్త సంబంధం ఏది కట్టాలన్నదే ఇప్పుడు కళాకారులు కలిసి ఆలోచించవలసిన సంగతి.

దీనికి ఒక ఆధారం రాయగడ, కలహండి జిల్లాల్లో ఉన్న ఆ నియమగిరిలో కనబడుతుంది. బాక్సైట్ తవ్వకానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు ఇస్తూ, ఈ కొండ మీద తమకున్న మతపరమైన, సాంస్కృతిక హక్కులు ఏమిటో గ్రామసభలే తేల్చాలని చెప్పింది. రాయగడలో 7, కలహండిలో 5, మొత్తం 12 గ్రామాల్లో ఆ ఏడాది జులై, ఆగస్టుల్లో సభలు జరిగాయి. పన్నెండూ తవ్వకం వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. అక్కడ డోంగ్రియాలు చెప్పింది, కొండ తమ దేవుడు నియమరాజుదని, దాని ఊటల వల్ల తాము బతుకుతున్నామని. న్యాయాధికారుల ముందు, రికార్డు అయ్యేలా చెప్పారు. కొండ తరఫున మాట్లాడే హక్కు ఎవరికుందన్న ప్రశ్న కవిత్వంలో కాక కాగితం మీద తేలిన అరుదైన సందర్భం.

వంశధార ఆ కొండల వైపు నుంచే వస్తుంది. గుణుపురం మీదుగా, పర్లాకిమిడికి పడమరగా దిగి, శ్రీకాకుళం జిల్లా దాటి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాని నీళ్ళు రెండు రాష్ట్రాలకూ ఎంతెంత అన్నదాని మీద మనవాళ్ళు ట్రైబ్యునల్ దాకా వెళ్ళారు. పంపకం గురించి అంత పట్టుదలగా మాట్లాడిన మైదానంలో, ఎగువన ఊటను కాచినవాళ్ళ గురించి పాటో బొమ్మో ఎంత తక్కువ వచ్చిందో తలచుకుంటే బాధ కలుగుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అదే వానకు గజపతి జిల్లా బరఘరలో తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ విరిగిపడింది. రాష్ట్రాలు రెండు, పరిహారం జాబితాలు రెండు. తుఫాను మాత్రం ఒకటే.

వినడం గురించి చెప్పాలంటే పర్లాకిమిడి వాళ్ళం గిడుగు రామమూర్తి గారిని తలవకుండా ఉండలేం. వాడుకభాష కోసం పోరాడిన మనిషిగా తెలుగువాళ్ళందరికీ తెలిసిన ఆయన, ఇక్కడ రాజా గారి బడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. కొండల్లోకి వెళ్ళి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు, వాచకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణం, తరవాత నిఘంటువు వెలువడ్డాయి. కొండ జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల ఆయన చెవులు దెబ్బతిన్నాయి. అయినా పని ఆపలేదు. 1936లో పర్లాకిమిడి కొత్త ఒడిశా రాష్ట్రంలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన చేసింది చిత్రకళ కాకపోవచ్చు. ఎదుటివాళ్ళ భాషలో వాళ్ళు చెప్పేది వినగలిగే దాకా తన పనిని సరిదిద్దుకుంటూ పోవడం మాత్రం ఇడితాల్ నియమానికి దగ్గరగానే ఉంది.

అందుకే ఈ ప్రాంతంలో కళాకారులు కలిసినప్పుడు, ప్రకృతి గురించి ఇంకో ప్రదర్శన ఎలా పెట్టాలి అన్న ప్రశ్న కంటే, వేసిన బొమ్మను కాదనే హక్కు ఎవరి చేతిలో పెట్టాలి అన్నది ముందు తేల్చుకోవాలని నా అభిప్రాయం. బడి ప్రహరీ మీద వంశధార బొమ్మ వేయమని ఎవరైనా అడిగారనుకోండి. రంగులు, కూలి, ప్రారంభోత్సవం ఖర్చు లెక్కలో ఉంటాయి. రెండేళ్ళకు వాన చార పడ్డాక మళ్ళీ వేసే డబ్బు ఉండదు. ఆ డబ్బు మొదటి రోజే పక్కన పెట్టమని అడగాలి. ఏటా ఒకరోజు నది ఒడ్డు రైతులనూ, చేపలు పట్టేవాళ్ళనూ, కొండ నుంచి సంతకు దిగే సవరలనూ ఆ గోడ ముందుకు పిలవాలి. ఇసుక తవ్విన గోతులు ఈ బొమ్మలో లేవని వాళ్ళంటే చేర్చాలి. ఈ చేప ఇప్పుడు రావడం లేదంటే, దాన్ని చెరపాలా అలాగే ఉంచాలా అన్నది కూడా వాళ్ళతోనే తేల్చుకోవాలి.

సవర గీతలు వాడుకునే మైదానపు చిత్రకారులకు ఇంకో పని ఉంది. ఇడితాల్ వేయడం తెలిసిన పెద్దలు, సొనుమ్‌లతో మాట్లాడగల కుడాన్‌లు గుణుపురం వైపున్న పుట్టాసింగ్ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వాళ్ళను సభకు పిలిచి శాలువా కప్పి పంపేయడం పాత అలవాటు. దారి ఖర్చు, ఆ రోజు కూలి, మాట్లాడిన మాటకు డబ్బు ముందే ఇచ్చి, మన బొమ్మలు వాళ్ళ ముందు పరిచి, ఇందులో ఏది వేయకూడదో చెప్పమని అడగాలి. వద్దన్నది ఆ రోజే తీసేయాలి, అచ్చుకు వెళ్ళినదైనా సరే.